లారీ చెక్కల బల్ల నన్ను గడప దాటించిన విధం

పాముకు భయపడే వాళ్ళున్నారు, పోలీసులకు భయపడే వాళ్ళున్నారు, అత్తగారికి భయపడే వాళ్ళు మన సంఘంలోనే బోలెడు మంది ఉన్నారు, కానీ సహోదరులారా, పోయిన చలికాలం నేను మా ఇంటి గేటుకు భయపడ్డాను! నా చేతులతో నేనే నీలం రంగు వేసిన గేటు, నా నడుము ఎత్తు కూడా లేని గేటు, పక్కింటి మేకపిల్ల తల పెట్టి తోస్తే తెరుచుకునే గేటు, దాన్ని చూస్తే చాలు నా నోరు ఎండిపోయేది, గుండె డప్పు మోగినట్టు మోగేది. ఆ చీకటిలో నుంచి దేవుడు నన్ను ఏ వైపు నుంచి బయటికి లాగాడో చెప్పడానికే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

నా పేరు ఏసోబు. మాది కోదాడ బైపాసు పక్కన ఒక కాలనీ. లారీ డ్రైవరును. మిర్యాలగూడ మిల్లుల్లో బియ్యం బస్తాలు ఎత్తుకొని ఇటు కోదాడకు, అటు సూర్యాపేటకు, ఎక్కడికి చెబితే అక్కడికి దింపి వచ్చేవాణ్ణి. దారిలో టీ తాగిన ప్రతి హోటల్లోనూ ఒక కథ చెప్పి వచ్చేవాణ్ణి కూడా, ఆ సంగతి మీకందరికీ తెలుసు, దాచినా దాగదు. అందుకే మన సంఘ పత్రికకు ఈ సాక్ష్యం రాయమని అడిగినప్పుడు మన పాస్టరు అయ్యగారు ఒక్కటే షరతు పెట్టారు. "రాయన్నా, మంచిగ రాయి, కానీ సాక్ష్యంల ఏనుగు రావద్దు" అన్నారు. ఎందుకంటే నా లారీ బోల్తా పడిన సంగతి నేను హుజూర్‌నగర్‌లో చెప్పినప్పుడు అడ్డం వచ్చింది ఆంబోతు, కోదాడ చేరేసరికి అది అడవిదున్న, సూర్యాపేట నుంచి మా తోడల్లుడు ఫోన్ చేసి "అన్నా, ఏనుగును గుద్దినవంట కదా, దానికేం కాలేదా?" అని అడిగాడు!

ఏనుగు లేదు సహోదరులారా. ఉన్నది ఇది.

మిర్యాలగూడలో లోడు ఎత్తుకొని తెల్లారేసరికి గరిడేపల్లి దగ్గరికి వచ్చాను. క్లీనర్‌కు జ్వరమొచ్చి ఆ రోజు నేనొక్కణ్ణే ఉన్నాను. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, బానెట్ మీద ఒక కాకి కూర్చొని నాకు దారి చెప్పింది. సరే, కాకి కూడా లేదు. మంచు మాత్రం ఉంది, రోడ్డుకు రెండు పక్కలా నీళ్ళు నిలిపిన నాటు మడులున్నాయి, ఆ మంచులో నుంచి ఒక్కసారిగా గొర్రెల మంద, మంద మధ్యలో గొంగడి కప్పుకున్న ఒక ముసలాయన, ఆయన తల తిప్పి నన్ను చూశాడు. ఆ కళ్ళు నాకు ఇప్పటికీ కనబడతాయి. స్టీరింగ్ మొత్తం ఎడమకు కొట్టేశాను, లారీ పొలంలోకి దిగి పక్కకు ఒరిగి పడింది, బస్తాలు పగిలి బియ్యం బురదలో కలిసింది, ఒక్క గొర్రెపిల్లకు కూడా దెబ్బ తగల్లేదు, నాకూ తగల్లేదు. ఆ ముసలాయనే కేబిన్ ఎక్కి నన్ను చంకల కింద పట్టి పైకి లాగాడు. "బతికినవ్ బిడ్డా, లే, బతికినవ్" అన్నాడు. దేవునికే మహిమ! అప్పుడే అక్కడే స్తోత్రం చెప్పి ఊరుకుంటే ఈ సాక్ష్యం అక్కడితో అయిపోయేది.

అయిపోలేదు. మా ఓనరు మంచి మనిషి, కొన్ని రోజులు ఆగి ఇంకో బండి సిద్ధం చేసి రమ్మన్నాడు. స్నానం చేసి, ప్రార్థన చేసి, టిఫిన్ డబ్బా పట్టుకొని గేటు మీద చెయ్యి వేశాను. అదే సమయానికి బైపాసు మీద ఏదో లారీ బ్రేకు కొట్టిన చప్పుడు వినబడింది. అంతే, నాకు ఊపిరి ఆడలేదు, చొక్కా తడిసిపోయింది, డబ్బా జారి కింద పడింది, ఆ ముసలాయన కళ్ళు గేటు అవతల నిలబడి నన్ను చూస్తున్నట్టే ఉంది. లోపలికి పరుగెత్తాను. రేపు పోదాంలే అనుకున్నాను. మర్నాడూ అంతే అయింది. తర్వాత వరండాలోకి వచ్చినా అంతే, ఆ తర్వాత వీధి కనబడే ముందు గదిలో కూర్చున్నా అంతే. ఇగ నేను లోపలి గదికి చేరాను. రాష్ట్రాలు తిరిగిన మనిషిని సహోదరులారా, నాలుగు గోడల మధ్య ఒక మంచం మీద కుదురుకున్నాను!

గుండెకు ఏమైందోనని నా భార్య సువార్తమ్మ గేటు కనబడకుండా ముఖం మీదుగా దుప్పటి కప్పి, నన్ను ఆటోలో పడుకోబెట్టి, సూర్యాపేటలో పెద్ద దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరమ్మ అన్ని పరీక్షలూ చేసి, "గుండె గట్టిగానే ఉంది, దెబ్బ తిన్నది మనసు, ఇది కూడా జబ్బే, తగ్గుతుంది" అని మాత్రలు రాసింది, "ఊరికే కూర్చోకు, ఇంట్లోనే చేతికి ఏదైనా పని పెట్టుకో" అని కూడా చెప్పింది. ఆ మాత్రలు మానకుండా వేసుకున్నాను. దేవుడు ప్రార్థన విని డాక్టరు చేతులతో కూడా పని చేస్తాడని నమ్మేవాణ్ణి నేను, ఈ మాట పడకపోతే నాతో తర్వాత వాదించండి.

కానీ జనం నమ్మితే కదా! పులి కథలు చెప్పినవాడు జబ్బు కథ చెబితే ఎవరు నమ్ముతారు? మా పక్కింటి లింగయ్య గొర్రెలు కాసే ఇంటివాడు, మందిరానికి రాడు గానీ మనసున్న మనిషి, రోజూ మా ప్రహరీ మీద మోచేతులు ఆనించి, లోపలి గది కిటికీలోకి చూసి పలకరించేవాడు.

"ఏం తమ్మీ, నీ ఇంటికి నువ్వే ఇల్లరికం వచ్చినవా ఏంది?"

"ఒంట్లో బాగలేదు లింగన్నా."

"నాకెరుకనే. ఆ ఏనుగు ఇంకా గేటు కాడనే ఉన్నట్టుంది!"

నవ్వి వెళ్ళిపోయేవాడు. నాకు నవ్వు వచ్చేది కాదు. సువార్తమ్మ పొద్దున్నే నాట్లకు పోయేది, సాయంత్రం బురద కాళ్ళతో వచ్చి వండేది, ఒక్క మాట అనేది కాదు, ఆమె ఏదైనా అంటే బాగుండేదని నాకు అనిపించేది.

ఇదంతా ఒక ఎత్తు, మా బిడ్డ రూతు ఒక ఎత్తు. దాన్ని మిర్యాలగూడలో ఇచ్చాం, అల్లుడు మిల్లులో పని చేస్తాడు, అది తొలి కాన్పుకు ఉంది. నెలలు నిండక ముందే తల్లీ తండ్రీ ఇద్దరూ పోయి చీరె పెట్టి, పూలు పెట్టి పుట్టింటికి తెచ్చుకోవడం మన దగ్గర ఆనవాయితీ కదా. రూతు ఫోన్ చేసి ఖరాఖండిగా చెప్పేసింది: "నాయినా, అమ్మ ఒక్కతే వస్తే నేను కదల. ఇద్దరు రావాలె. నువ్వు రాకుంటే కాన్పు ఈడనే అయితది, మనుమడ్ని ఫోన్ల సూస్కో." మొండితనంలో అది నా బిడ్డే, కాదనను. ఫోన్ పెట్టేశాక ఆ మంచం మీదే మోకరించి, "ప్రభువా, అంత సముద్రాన్ని చీల్చినవ్, మా గేటు నా నడుమంత గూడ లేదు, జర దీని సంగతి సూడు తండ్రీ" అని ఏడ్చాను. లేచి చూశాను. గేటు అలాగే ఉంది.

అయితే ఒకటి జరిగింది. ప్రార్థన చేసి తల ఎత్తేసరికి ఫ్యాను కిర్రు కిర్రుమంటోంది. అది ఎన్నేళ్ళుగానో అలాగే అరుస్తోంది, నేనెప్పుడూ ఇంట్లో ఉంటే కదా వినడానికి! నేను గేటు దాటలేను గానీ స్టూలు ఎక్కగలను కదా అనుకున్నాను. కరెంటు ఆపి, ఫ్యాను దింపి, రెక్కలు తుడిచి, బేరింగుకు నూనె వేసి, వైర్లు మళ్ళీ కలిపి బిగించేసరికి మధ్యాహ్నం అయింది, ఆ మధ్యాహ్నం అంతా నా గుండె ఒక్కసారి కూడా అదరలేదు! స్విచ్చు వేస్తే ఫ్యాను నిశ్శబ్దంగా తిరిగింది, కానీ గాలి రాలేదు. పనికి పోయి వచ్చిన సువార్తమ్మ దాని కింద నిలబడి, పైకి చూసి, చెమట తుడుచుకుంటూ అంది: "ఏమయ్యా, దీన్ని గూడ నీ లారీ లెక్క రివర్స్ కొట్టినవా? గాలి రేకులకు తాకుతుంది, బల్లులు సల్లగ పండుకుంటయ్!" వైర్లు తారుమారు చేశాను, ఫ్యాను ఎదురు తిరుగుతోంది. ఎన్ని రోజుల తర్వాతో ఇద్దరం కలిసి నవ్వాం. అది దేవుడు పంపిన నవ్వు సహోదరులారా.

రివర్స్ మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. మా గల్లీ సన్నంగా ఉంటుంది, లారీ తిప్పే జాగా లేదు, ఇంటి ముందు పెట్టాలంటే మలుపు నుంచి వెనక్కే రావాలి. అద్దంలో గోడ కనబడుతుంది గానీ గోడకూ బండికీ మధ్య ఎంత సందు ఉందో కనబడదు, అక్కడ డ్రైవరుకు వెనక ఉన్న మనిషి గొంతే కళ్ళు. క్లీనర్ బైపాసు మీదే దిగి వాళ్ళ ఊరికి పోయేవాడు కాబట్టి, పెళ్ళయిన నాటి నుంచి ఆ పని సువార్తమ్మదే. చీరె కొంగు దోపుకొని, లారీ వెనక నిలబడి, చెయ్యి ఊపుతూ "రానీ... రానీ... జర ఎడమకు... సీదా... రానీ..." అనేది, "ఆపు" అంటే నేను ఆపేవాణ్ణి. ఇన్నేళ్ళలో ఏ గోడకూ ఒక గీత పడలేదు. ఇది కథ కాదు, గోడలు చూసి పొండి.

మళ్ళీ నా పనుల దగ్గరికి వస్తాను. ఫ్యాను తర్వాత కుళాయి. అది కారీ కారీ మూసీ గేట్లు ఎత్తాల్సి వచ్చిందని చెబుదామనుకున్నాను గానీ అయ్యగారు చదువుతారు కాబట్టి ఒక బిందె నిండేదని రాస్తున్నాను. దాన్ని ఎంత గట్టిగా బిగించానంటే మర్నాడు ఎవరికీ తెరుచుకోలేదు, లింగయ్యను పిలవాల్సి వచ్చింది. ఆ తర్వాత నవారు మంచం విప్పి బిగించి అల్లాను. బైబిలు పెట్టుకోవడానికి గోడకు ఒక అర కొట్టాను, అది కొంచెం వంకరగా వచ్చింది, ఇప్పటికీ వంకరగానే ఉంది, వాక్యం మాత్రం తిన్నగానే ఉంది కదా అని వదిలేశాను. ముందు గది కిటికీకి దోమల జాలి బిగించాలంటే ముందు గదిలోకి రావాల్సి వచ్చింది, వచ్చాను. వరండాలో కోళ్ళ గూడుకు తలుపు పెట్టాలంటే వరండాలోకి రావాల్సి వచ్చింది, వణుక్కుంటూ వచ్చాను, పని మొదలుపెట్టాక వణుకు తగ్గింది. చేతిలో సుత్తి ఉన్నంత సేపు నేను మనిషిని. మేకు నిలబెట్టి, కొట్టి, వంగితే పీకి, మళ్ళీ నిలబెట్టి కొడుతుంటే, ప్రతి దెబ్బకూ ఒక చిన్న స్తోత్రం లోపల నుంచి దానంతటదే వచ్చేది. పెద్ద పెద్ద ప్రార్థనలు చేసే బలం నాకు అప్పుడు లేదు, మేకంత ప్రార్థనలే చేశాను, దేవుడు వాటిని కూడా లెక్కలోకి తీసుకున్నాడు. పొద్దున లేవగానే ఈ రోజు ఏ వస్తువు నన్ను పిలుస్తోందా అని చూసేవాణ్ణి, ఏదో ఒకటి పిలిచేది, నేను పోయేవాణ్ణి.

కానీ గేటు మాత్రం గేటే. వరండా మెట్టు దిగితే చాలు కాళ్ళు ఆగిపోయేవి. గేటు బందు ఊడిందని లింగయ్య చెప్పినా, నేను వినబడనట్టు కోళ్ళ గూడుకు రెండోసారి రంగు వేశాను.

అప్పుడు మా ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టారు. నేను మందిరానికి పోలేను కాబట్టి సంఘమే నా దగ్గరికి వచ్చింది, ఆ ప్రేమకు నేను రుణం తీర్చలేను. అందరూ చాపల మీద కూర్చున్నారు. ప్రార్థన అయ్యాక అందరూ లేచారు గానీ మన సుందరమ్మ అవ్వ లేవలేకపోయింది, ఇద్దరు పట్టి లేపారు. నేను అడిగాను, "అవ్వా, మందిరంల కుర్చీ మీద కూసోవచ్చు కదా" అని.

"ఆ ప్లాస్టిక్ కుర్చీ పేరెత్తకు బిడ్డా! కాలు ఇరిగి కింద పడ్డ కాడి నుంచి దాన్ని సూస్తేనే నాకు దడ. కింద కూసుంటే లేవలేను, మీద కూసుంటే భయం. అందుకే ఆదివారం ఇంట్లనే ఉంటున్న. నీ లెక్కనే."

నీ లెక్కనే! ఆ ఒక్క మాట నా గుండెలో దిగబడింది. మందిరం మా గల్లీ చివర, మలుపు తిరిగితే ఉంది, ఆ ముసలామె ఒక కుర్చీకి, నేను ఒక గేటుకు భయపడి, ఇద్దరం దేవుని ఇంటికి దూరంగా కూర్చున్నాం. ఆ క్షణంలో నేను తీర్మానం చేసుకున్నాను: ఈ అవ్వకు విరగని బల్ల ఒకటి, వీపు ఆనుకోవడానికి వెనక చెక్క ఉన్న బల్ల, ఏనుగు కూర్చున్నా విరగని బల్ల చేసి మందిరంలో పెట్టిస్తాను. (ఈ ఏనుగు ఉపమానం కోసం వచ్చింది, అయ్యగారు క్షమించాలి.)

కలప ఉంది. అదే నాకు కష్టం. మా ఓనరు నా లారీకి కొత్త బాడీ కట్టించి, పాత చెక్కలు పొయ్యిలోకి పనికొస్తాయని మా ఇంటికి పంపించాడు, అవి వెనక దొడ్లో గోడకు ఆనించి ఉన్నాయి, నేను అటు వైపు చూసేవాణ్ణి కాదు. ఆ బురద వాటికి ఇంకా అంటుకునే ఉంది. సువార్తమ్మతో చెబితే, ఒక్కొక్క చెక్కా కడిగి, తుడిచి లోపలి గదిలోకి తెచ్చి ఇచ్చింది. మొదటి చెక్క ఒళ్ళో పెట్టుకొని, పాత మేకుల రంధ్రాలు ఒక్కొక్కటీ వేలితో తడిమాను. తర్వాత రంపం తీశాను. "ప్రభువా, నన్ను పడేసిన బండి చెక్కలు ఇవి, వీటితో నీ ఇంట్ల ఒక మనిషి కూసోవాలె, నా చెయ్యి వణకకుండ సూడు" అని ప్రార్థించి కోయడం మొదలుపెట్టాను.

చెయ్యి వణికింది, అయినా కోశాను. వణుకుతున్న చెయ్యితో కూడా చెక్క తెగుతుందని ఆ రోజు తెలిసింది! నలుగురు కూర్చునేంత పొడవుగా, లారీ బాడీకి కొట్టినట్టు మేకు అవతలికి దూరి వచ్చాక మొన వంచి కొట్టి, ఇగ ఊడే మాటే లేకుండా చేశాను. వీపుకు ఆనే చెక్క లారీ వెనక తలుపుది, దాని మీద పసుపు అక్షరాలతో "సౌండ్ హారన్" అని ఉంది, గీకితే పోలేదు, వదిలేశాను. చేసి, నిలబెట్టి, దాని మీద నేనే కూర్చొని స్తోత్రం చెప్పాను. సువార్తమ్మ గుమ్మంలో నిలబడి బల్లను చూసింది, గుమ్మాన్ని చూసింది, మళ్ళీ బల్లను చూసింది.

"మంచిగుంది. ఇది బయటికి ఎట్ల పోతది?"

చెక్కలు ఒక్కొక్కటిగా లోపలికి వచ్చాయి, అందువల్ల ఎవరికీ ఆ ఆలోచన రాలేదు. లోపలి గది గుమ్మం ఒక వైపు, ముందు గది తలుపు ఇంకో వైపు, మధ్యలో మలుపు! విప్పుదామంటే మేకు మొనలు వంచి కొట్టాను, చెక్క పగిలిపోతుంది. లింగయ్య వచ్చి చూసి పొట్ట పట్టుకొని నవ్వాడు. "తమ్మీ, నువ్వు ఇంట్ల ఇరుక్కున్నది సాలక నీకు తోడుగ దీన్ని గూడ ఇరికించినవా!" అన్నాడు. గోడ కొడదామన్నాడు. నేను కూర్చొని చూశాను. ఎంత సన్నని గల్లీలో ఎంత పొడుగు బండిని తిప్పలేదు నేను? బల్లను పక్కకు పడేసి, ముందు కొస ముందు గదిలోకి పోనిచ్చి, వెనక కొస ఎడమ మూలకు కొట్టి, కొంచెం పైకి లేపితే తిరుగుతుంది. కానీ ఆ ముందు కొస పట్టుకునేవాడికి ఎప్పుడు ఎంత తిప్పాలో తెలిసి ఉండాలి, ఆ తెలిసినవాణ్ణి నేనే.

ఆదివారం పొద్దున్నే అయ్యగారు, లింగయ్య వచ్చి లోపలి కొస పట్టుకున్నారు. ముందు కొస నాది, అంటే నా ముఖం ఇంటి వైపు, వీపు వీధి వైపు. "వరండా దాకనే, అవతల ఎవరికన్న ఇస్త" అని ముందే చెప్పాను. సువార్తమ్మ నా వెనకాల వరండాలో నిలబడింది. నాకు ఆమె కనబడదు, ఎత్తిన బల్ల నా కళ్ళ ముందు, ఆ పసుపు అక్షరాలు నా ముక్కు కింద.

"రానీ" అంది.

ఆ గొంతు వినగానే నా కాళ్ళకు పని తెలిసిపోయింది. "రానీ... జర ఎడమకు... ఇంకా... సీదా... రానీ..." గుమ్మం దాటాను. మలుపులో బల్ల ఒక్క గీత పడకుండా తిరిగింది, లింగయ్య "అబ్బో!" అన్నాడు. ముందు గది దాటాను. వరండా. కోళ్ళు అరుచుకుంటూ పక్కకు తప్పుకున్నాయి. ఆమె "ఆపు" అంటుందని చూశాను. "మెట్టున్నది, దిగు. రానీ" అంది.

"సువార్తా, ఆపు. ఎవరన్న పట్టుకోండి."

"ఎవరు లేరు. రానీ."

మడమకు తెరిచిన గేటు కింది పట్టీ తగిలింది. అప్పుడొచ్చింది సహోదరులారా, మొత్తంగా వచ్చింది! డప్పు, చెమట, ఎండిన నోరు, ఆ ముసలాయన కళ్ళు, అన్నీ. బల్ల వదిలేసి లోపలికి పరుగెత్తాలి, కానీ నేను వదిలితే ఆ బరువు లింగయ్య కాళ్ళ మీద పడుతుంది. అంత గట్టిగా చేసింది నేనే! నా చేతులు వదలవు, నా కాళ్ళు కదలవు. "ప్రభువా, నువ్వు ఎనకున్నవా?" అన్నాను, పైకే అన్నాను, అయ్యగారు విన్నారు.

వెనక నుంచి, నెమ్మదిగా, గేటు అవతల నుంచి వచ్చింది గొంతు: "ఉన్న. రానీ."

అడుగు వెనక్కి వేశాను. భయం పోలేదు, భయంతోనే వేశాను. ఇంకో అడుగు వేశాను. మా గేటు నా పక్క నుంచి కళ్ళ ముందుకు వచ్చి దూరమైంది, నీలం రంగు అక్కడక్కడా లేచిపోయి ఉంది, బందు నిజంగానే ఊడి ఉంది. కిరాణా కొట్టు ఆమె అరుగు మీద నుంచి అరిచింది: "ఏందే సువార్తమ్మా, మీ ఆయనను రివర్స్ కొట్టిస్తున్నవ్!" సువార్తమ్మ మాత్రం "గుంత ఉన్నది, కుడికి, రానీ" అంటూనే ఉంది. నేను ఏడుస్తున్నాను, నవ్వుతున్నాను, చేతులు తెగిపోతున్నాయి, గల్లీ మొత్తం గుమ్మాల్లోకి వచ్చి చూస్తోంది, మలుపు తిరిగాను, చివరికి ఆమె "మందిరం మెట్టు, కాలెత్తు... ఇగ ఆపు" అంది.

ఆపాను. బల్ల దించాను. మన రేకుల మందిరంలో, మన జంఖానా మీద నిలబడి ఉన్నాను! దేవునికే మహిమ! దేవునికే మహిమ!

సుందరమ్మ అవ్వను తీసుకొచ్చారు. ఆమె బల్లను ఒకసారి చేత్తో నొక్కింది, రెండోసారి నొక్కింది, కళ్ళు మూసుకొని కూర్చుంది. బల్ల కిర్రుమనలేదు. ఆమె వీపు ఆనించగానే వెనక ఉన్న పిల్లలు అక్షరాలు చదివి హారన్ చప్పుడు చేశారు, ఆరాధన మొదలుపెట్టడానికి అయ్యగారికి కాసేపు పట్టింది. తిరిగి పోయేటప్పుడు లింగయ్య, "ఇప్పుడు గూడ ఎనకకనే నడుస్తవా తమ్మీ?" అన్నాడు. ముందుకే నడిచాను. సువార్తమ్మ చెయ్యి పట్టుకొని, రెండు చోట్ల ఆగి నడిచాను. గేటు దగ్గరికి వచ్చాక సుత్తి తెప్పించుకొని, వీధిలో నిలబడే ఆ బందు బిగించాను.

ఇదంతా ముందే అనుకొని చేశావా అని ఆ రోజు అన్నం పెడుతుంటే సువార్తమ్మను అడిగాను. అనుకోలేదంది. గేటు దాకా వచ్చేసరికి నా ముఖం చూడకపోయినా నా భుజాలు చూసి తెలిసిందట, ఆపు అందామని నోరు తెరిచి, రానీ అందట. తర్వాత, ఇన్ని రోజులూ నాట్లలో వంగి నడుస్తూ తాను ఏమని ప్రార్థించేదో చెప్పింది. నాట్లలో అడుగు వెనక్కే వేస్తాం కదా: "తండ్రీ, ఈయన ముంగటికి నడువలేకపోతే, మేము మడిల నడిచినట్టు, ఎనకకన్న నడిపియ్యి." కథలు చెప్పేవాణ్ణి నేను, నా కథను ఆమె మోకాళ్ళ లోతు బురదలో ఎప్పుడో దేవునికి చెప్పేసింది.

ఆ వారమే ఇద్దరం మిర్యాలగూడ బస్సెక్కాం. గరిడేపల్లి దాటాక ఆ చోటు వస్తుందని తెలిసి కళ్ళు గట్టిగా మూసుకున్నాను. పక్కన సువార్తమ్మ చెవిలో మెల్లగా "రానీ" అంది. తెరిచాను. మడి నిండా పైరు, పచ్చగా, గాలికి ఊగుతోంది, మా లారీ పడిన గుర్తు కూడా లేదు. రూతు గుమ్మంలోకి వచ్చి నన్ను చూసి, "వచ్చినవా నాయినా, ఏనుగును ఏడ కట్టేసి వచ్చినవ్?" అని నవ్వి, నవ్వుతూనే నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. దాన్ని ఇంటికి తెచ్చుకున్నాం. మనవడు కాదు, మనవరాలు పుట్టింది, దానికి ప్రార్థన చేయించిన ఆదివారం రూతు దాన్ని ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నది ఆ బల్ల మీదే, సుందరమ్మ అవ్వ పక్కన.

ఇప్పుడు మళ్ళీ బండి ఎక్కాను, పగటి లోడ్లు, దగ్గర లోడ్లు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కాబట్టి చెబుతున్నాను: ఇప్పటికీ పొద్దున గేటు మీద చెయ్యి వేస్తే గుండె ఒకసారి అడుగుతుంది, పోదామా అని. పోదాం అని చెబుతాను, రోజూ చెబుతాను, చెప్పి పోతాను. మంచు కురిస్తే రోడ్డు పక్కన ఆపి టీ తాగుతాను. ఇంట్లో ఉన్న రోజు ఏదో ఒకటి విప్పి బిగిస్తాను, ఫ్యాను మాత్రం ముట్టుకోవద్దని ఆజ్ఞ.

సహోదరీ, సహోదరుడా, ఈ పత్రిక పట్టుకొని నీ లోపలి గదిలో కూర్చున్నావేమో. నీ గేటు ఏదో నాకు తెలియదు. పెద్ద పని చేయలేకపోతే చిన్నది చెయ్యి, కారే కుళాయి బిగించు, ఊడిన గుండీ కుట్టు, ఆ చిన్న పని దగ్గర కూడా ఆయన నిలబడి ఉంటాడు, నేను చూశాను. నీకు దారి కనబడకపోయినా, నీ వెనక నుంచి ఒక స్వరం వినబడితే ఆగకు, ఆ స్వరానికి నీ ముందున్న గుంత తెలుసు, నీ మడమ వెనకున్న మెట్టు కూడా తెలుసు. ఆదివారం మా మందిరానికి రా. సుందరమ్మ అవ్వ పక్కన ఆ బల్ల మీద ఇంకొకరికి చోటు ఉంది, విరగదు, నాది పూచీ. గడప దాటలేకపోతే కబురు పెట్టు, మా సువార్తమ్మను పంపిస్తాను, వచ్చి నీ గేటు అవతల నిలబడుతుంది.